బ్యాగు కౌలాలంపూర్ దాకే: రెండు టికెట్ల ప్రయాణంలో ఒక కేసు

నెల్లూరులో విమానం టికెట్లు కొట్టే పని నాది. గల్ఫ్ వెళ్లేవాళ్లు, చదువులకి వెళ్లే పిల్లలు, పురుళ్లకి వెళ్లే అమ్మానాన్నలు, ఎక్కువగా వీళ్లే వస్తారు. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే ఇందులో టికెట్ కొన్నది నేను కాదు, అయినా తప్పుల్లో ఒకటి మాత్రం నాదే. మనుషుల పేర్లు, ఊరు, తేదీలు, ఎయిర్‌లైన్ల పేర్లు కావాలనే వదిలేశాను.

నేపథ్యం

పెద్దాయనకి 63, ఆవిడకి 58. పొదలకూరు వైపు నిమ్మతోటల వాళ్లు. కొడుకూ కోడలూ మెల్‌బోర్న్‌లో ఉంటారు. కోడలికి నెలలు నిండుతున్నాయి, ఆ అమ్మాయి తల్లికి ఒంట్లో బాగాలేక ఈ పురుడుకి వీళ్లే వెళ్లాల్సి వచ్చింది. ఇద్దరికీ విమానం ఎక్కడం అదే మొదటిసారి. వీసాలు వచ్చేశాయి, టికెట్లు కొడుకే అక్కణ్ణుంచి కొనేశాడు. నా దగ్గరకి వచ్చింది ఉత్త ప్రింటు కోసం. మా పక్క జిరాక్స్ షాపులో కరెంటు లేదు, నా దగ్గర ఇన్వర్టర్ ఉంది, అంతే సంగతి.

ప్రింటర్‌లోంచి కాగితాలు బయటికి వస్తుంటే పైన రెండు రకాల లోగోలు కనబడ్డాయి. చెన్నై నుంచి కౌలాలంపూర్ ఒక చవక ఎయిర్‌లైన్, కౌలాలంపూర్ నుంచి మెల్‌బోర్న్ వేరే పెద్ద ఎయిర్‌లైన్. రెండు లోగోలు ఉంటే తప్పేమీ లేదు, ఒకే టికెట్ మీద రెండు మూడు ఎయిర్‌లైన్లు ఉండటం మామూలే. నేను చూసేది టికెట్ నంబరు. పదమూడు అంకెలుంటాయి, మొదటి మూడూ ఆ టికెట్ ఇచ్చిన ఎయిర్‌లైన్ కోడ్. ప్రయాణం మొత్తం ఒకే టికెట్ మీద ఉంటే, ఆ ఎయిర్‌లైన్ల మధ్య ఇంటర్‌లైన్ ఒప్పందం, అంటే ఒకరి ప్రయాణికుల్ని, సామాన్ని ఇంకొకరు అందుకునే ఏర్పాటు, ఉన్నట్టే లెక్క, బ్యాగు మామూలుగా చివరిదాకా పోతుంది. ఇక్కడ ఒక కాగితం మీద టికెట్ నంబరు ఉంది, చవక ఎయిర్‌లైన్ కాగితం మీద ఆరక్షరాల బుకింగ్ కోడ్ తప్ప ఏమీ లేదు. అంటే రెండూ వేర్వేరు కొనుగోళ్లు. ఒకదానికి ఇంకొకటి ఉందని కూడా తెలియదు.

"నాయనా, సామాను మధ్యలో మనమేం దించుకోబళ్లేదంట గదా, మావాడు చెప్పాడు," అన్నాడు పెద్దాయన. నేను ప్రింటర్ ఆపేసి కూర్చోమన్నాను.

అసలు సమస్య

ప్రయాణానికి తొమ్మిది రోజులుంది. కొడుక్కి వీడియో కాల్ చేశాను. మంచి కుర్రాడే, సాఫ్ట్‌వేరు, లెక్క బాగా వేశాడు: విడివిడిగా కొంటే ఇద్దరికీ కలిపి 18,000 ఆదా, కౌలాలంపూర్‌లో నాలుగు గంటల పది నిమిషాలు టైమ్ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాడు. బ్యాగుల గురించి అడిగితే, "అన్నా, ఎయిర్‌పోర్ట్ ఒకటే కదా, వాళ్లే మార్చేస్తారు," అన్నాడు.

ఈ మాట నేను వారానికి ఒకసారైనా వింటాను. ఎయిర్‌పోర్ట్ వాళ్లు ఏ బ్యాగునీ తమంతట తాము మార్చరు. బ్యాగు మీద ట్యాగు ఏం చెబితే అదే జరుగుతుంది. ఆ ట్యాగు మీద పెద్దక్షరాల్లో మూడక్షరాల ఊరి కోడ్ ఉంటుంది, కింద పది అంకెల నంబరు. మొదటి ఎయిర్‌లైన్ కంప్యూటర్‌కి తెలిసిన చివరి ఊరు కౌలాలంపూర్. కాబట్టి ట్యాగు మీద కేయూఎల్ అనే పడుతుంది, బ్యాగు కౌలాలంపూర్ బెల్టు మీద తిరుగుతుంది. దాన్ని తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటి మలేషియా దేశంలోకి అడుగు పెట్టాలి. కస్టమ్స్ దాటాలి. చవక ఎయిర్‌లైన్ దిగేది టెర్మినల్ 2, పెద్ద ఎయిర్‌లైన్ ఎక్కేది టెర్మినల్ 1. రెండూ పక్కపక్కన గదుల్లాంటివి కావు, మధ్యలో రైలు ఎక్కాలి. అక్కడ మళ్లీ కౌంటర్, మళ్లీ తూకం, మళ్లీ సెక్యూరిటీ, మళ్లీ ఇమిగ్రేషన్.

నయం, మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి మనవాళ్లకి 30 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తోంది. ఇదే కేసు వీసా తప్పనిసరైన దేశంలో జరిగి ఉంటే కథ చెన్నై కౌంటర్ దగ్గరే ముగిసేది.

కాగితం మీద టైమ్ లెక్క వేసి పెద్దాయనకి చూపించాను. దిగేది ఉదయం 6:50. విమానం తలుపు తీసి ఇమిగ్రేషన్ క్యూ చేరేసరికి 7:15. పొద్దున పూట చాలా విమానాలు ఒకేసారి దిగుతాయి కాబట్టి క్యూకి ఒక గంట వేసుకోవాలి, 8:15. బెల్టు దగ్గర సామాను, 8:45. కస్టమ్స్ దాటి రైలు స్టేషన్ వెతుక్కుని, 9:15. టెర్మినల్ 1 కౌంటర్ లైన్లో నిలబడేసరికి 9:40. విమానం 11:00కి, కౌంటర్ మూసేది గంట ముందు, అంటే 10:00కి. ఇరవై నిమిషాలు మిగిలింది. అదీ చెన్నైలో విమానం టైముకి కదిలితే, వీళ్లు ఎక్కడా దారి తప్పకపోతే, ఆవిడ మోకాళ్లు సహకరిస్తే. మిస్సయితే రెండో ఎయిర్‌లైన్ దృష్టిలో వీళ్లు రాని మనుషులు, మొదటి విమానం లేటయిందన్న కారణం వాళ్లకి పనికిరాదు. అప్పటికప్పుడు ఇద్దరికీ కొత్త టికెట్లు, ఆ రోజు ధరకి.

ఏమేం ప్రయత్నించాం

మొదట అందరూ చేసే పనే చేశాం, ఫోన్లు. మొదటి ఎయిర్‌లైన్ వాళ్లు ఆ రెండో ఎయిర్‌లైన్‌తో తమకి ఒప్పందం లేదని ఒక్క ముక్కలో చెప్పేశారు. రెండో ఎయిర్‌లైన్ చాట్‌లో ఉన్నతను మాత్రం "చెన్నై కౌంటర్‌లో రెండు టికెట్లూ చూపించండి, చివరిదాకా ట్యాగు వేస్తారు" అన్నాడు. కొడుకు ఆ స్క్రీన్‌షాట్ పంపించి "చూశారా అన్నా" అన్నాడు.

నేను నమ్మలేదు. కారణం, చెన్నైలో ట్యాగు వేసేది ఈ చాట్ అతని కంపెనీ కాదు. వేరేవాళ్ల కౌంటర్ ఏం చేస్తుందో ఇతను మాటివ్వలేడు. ఈమెయిల్‌లో రాసిమ్మని అడిగించాను, "ఆపరేటింగ్ ఎయిర్‌లైన్ నిబంధనలకి లోబడి" అన్న గోడమీది పిల్లి జవాబొచ్చింది. అక్కడితో ఆ ఆశ వదిలేయమన్నాను. ఒకే ఎయిర్‌లైన్ మీద రెండు బుకింగులున్నా కూడా కొన్ని కంపెనీలు బ్యాగు కలపవు, ఇక రెండు కంపెనీలంటే చెప్పేదేముంది.

రెండో దారి, మొత్తం రద్దు చేసి ఒకే టికెట్ కొనడం. చవక టికెట్‌కి పైసా వెనక్కి రాదు, తొమ్మిది రోజుల ముందు ఒకే టికెట్ ధర చూసి కొడుకు నోరెత్తలేదు. మూడో దారి, చేతి సామానుతో మాత్రమే వెళ్లడం, మనిషికి 7 కేజీలు. ఈ మాట నేను పూర్తి చేయకముందే ఆవిడ నవ్వింది. "కాయం, శొంఠి, పిల్లకాయకి పాత చీరెల బొంతలు, ఇయ్యన్నీ యాడ బెట్టుకోవాల నాయనా?"

మిగిలింది ఒప్పుకోవడమే. బ్యాగు కౌలాలంపూర్‌లో బయటికి వస్తుంది. ఇక అది వచ్చేలాగే ప్రయాణాన్ని అమర్చాలి.

కాటా దగ్గర

సామాను సర్దేశామన్నారు, చూస్తానన్నాను. మర్నాడు ఆటోలో తెచ్చారు. నా దగ్గరున్న చేతి త్రాసు ఆ బ్యాగులకి చాలదు, అందుకని పక్కనున్న బియ్యం కొట్టుకి మోయించాను. బస్తాలు తూచే కాటా మీద పెట్టాం. నీలం సూట్‌కేసు 27. రెండోది, నైలాన్ తాడుతో నాలుగు వరసలు బిగించిన పాత పెట్టె, 34. బియ్యం కొట్టాయన "మొత్తం 61" అని అలవాటుగా చీటీ కూడా రాశాడు.

రెండో టికెట్‌లో మనిషికి 30 కేజీలు ఉన్నాయి. మొదటి టికెట్‌లో కొడుకు కొన్నది మనిషికి 20. ఒకే టికెట్ అయితే ఈ గొడవ రాదు. అలాంటి ప్రయాణానికి ఎవరి బ్యాగేజీ నియమం వర్తిస్తుందో తేల్చడానికి 2011లో ఐయాటా (ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం) తీర్మానం ఒకటి వచ్చింది, మొత్తం దారికి ఒకే లెక్క ఉండేలా చూస్తారు. విడి టికెట్లకి అదేం లేదు. ఏ ముక్కకి ఆ ముక్క తూకం, తక్కువున్న ముక్కే మన హద్దు. పైగా బ్యాగు ఒక్కటే 32 కేజీలు దాటితే, డబ్బు కడతామన్నా మామూలుగా తీసుకోరు, అది మోసే కూలీల నడుము కోసం పెట్టిన హద్దు.

అందుకే ఆ రోజే ఆన్‌లైన్‌లో మొదటి టికెట్‌కి మనిషికి ఇంకో 10 కేజీలు కొనిపించాను. ఎయిర్‌పోర్టులో కిలో లెక్కన కట్టడం కంటే ముందే కొనడం ఎప్పుడూ చవకే. తాడు విప్పాం. పెట్టెలోంచి బయటపడినవి: ఇత్తడి గిన్నె, రెండు కేజీల మలై కాజా, చీరెల మధ్యలో పెద్దాయన భద్రంగా దాచిన పవర్ బ్యాంకు. పవర్ బ్యాంకు చెకిన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సంచిలోకి మార్చాం. కాజా పాల సరుకు, ఆస్ట్రేలియా క్వారంటైన్ వాళ్లు రానివ్వరు, అక్కడే బియ్యం కొట్లో తలా ఒకటి పంచేశాం. కాయం పొడి, శొంఠి, పప్పులు ఏవి ఉన్నా విమానంలో ఇచ్చే కార్డులో దాచకుండా రాయండి, తీసేస్తే తీసేస్తారు, దాస్తే జరిమానా వేస్తారు అని చెప్పాను. ఇత్తడి గిన్నె సంగతి మాత్రం ఆవిడ వినలేదు. మూడు బ్యాగులుగా సర్దాం, 22, 20, 17.

ఏ టికెట్ జరపాలి

ఇక్కడే ఎక్కువసేపు ఆలోచించాను. మొదటిది ఒకరోజు ముందుకి జరిపితే చవక టికెట్ కాబట్టి మార్పు రుసుమే దాదాపు టికెట్ అంత అవుతోంది, కొన్న బ్యాగు కేజీలు కూడా మళ్లీ చూసుకోవాలి. రెండోది అదే రోజు రాత్రి విమానానికి మార్చితే ఇద్దరికీ 11,400. అప్పుడు మధ్యలో పదిహేను గంటల పైన ఖాళీ. పెద్దవాళ్లకి పదిహేను గంటలు ఎక్కువే, కానీ ఎక్కువ టైమ్ వల్ల వచ్చే నష్టం విసుగు, తక్కువ టైమ్ వల్ల వచ్చే నష్టం రెండు కొత్త టికెట్లు. మొదటి విమానం నాలుగు గంటలు లేటయినా తట్టుకుంటుంది. రెండోదే జరిపాం. కొడుకు కాస్త గొణిగాడు, తప్పదుగా.

పగలంతా మూడు బ్యాగులతో ఎయిర్‌పోర్టు బెంచీ మీద కూర్చోబెట్టలేం, రెండో ఎయిర్‌లైన్ కౌంటర్ కూడా విమానానికి మూడు గంటల ముందుగానీ తీయకపోవచ్చు. టెర్మినల్ 2 దగ్గరే హోటల్ గది బుక్ చేశాను. మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు దిగే రోజుకి మూడు రోజుల ముందు నుంచే నింపాలి, అది పూర్తిగా ఉచితం, డబ్బులడిగే నకిలీ సైట్లున్నాయి జాగ్రత్త. అది నేనే నింపి ప్రింటు తీశాను. ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో వరసగా: మొదటి టికెట్, అరైవల్ కార్డు, రెండో టికెట్, ఆస్ట్రేలియా వీసా, హోటల్ కాగితం. వీసా లేకుండా దిగేవాళ్లని ముందుకి వెళ్లే టికెట్ చూపించమంటారు కాబట్టి రెండో టికెట్ చెన్నైలోనే అవసరం పడుతుంది.

ఏం కుదరలేదు

చెన్నై కౌంటర్‌లో కొడుకు మాట కాదనలేక పెద్దాయన అడిగాడు, మెల్‌బోర్న్ దాకా ట్యాగు వేయమని. అర నిమిషంలో కాదన్నారు. నేను ముందే ఒక మాట చెప్పి పంపాను: ఒకవేళ సరేనన్నా సంతోషపడిపోకండి, ట్యాగు మీద పెద్దక్షరాల్లో ఎంఈఎల్ అని ఉందా, కింద రెండో విమానం నంబరు కూడా ఉందా చూడండి, లేకపోతే అది ఉత్త మాట. ఒప్పందం లేకుండా ఎవరైనా మంచితనానికి అలా రాసేస్తే ఆ బ్యాగు మధ్యలో దిక్కులేనిదైపోతుంది. రాత్రి పదిన్నరకి ఆవిడ వాట్సాప్‌లో ట్యాగు ఫొటో పంపింది. కేయూఎల్. బోర్డింగ్ పాస్ వెనకాల అంటించిన చిన్న స్టిక్కర్లు మూడూ పోగొట్టుకోవద్దని జవాబిచ్చాను.

ఇక నా తప్పు. హోటల్ గది మధ్యాహ్నం రెండింటికి ఇస్తారన్నది చూసుకోలేదు. వీళ్లు పొద్దున ఎనిమిదిన్నరకల్లా సామానుతో అక్కడ నిలబడ్డారు. విమానం టైములు నిమిషాలతో సహా లెక్కపెట్టినవాణ్ణి, హోటల్ గడియారం సంగతి మర్చిపోయాను. అదనంగా కట్టి పదకొండింటికి గది ఇప్పించగలిగాను, ఆ రెండున్నర గంటలూ లాబీలో కూర్చున్నారు. ఆ డబ్బు నేనే పెట్టుకున్నాను.

ఏం కుదిరింది

ఇమిగ్రేషన్ క్యూ నేననుకున్నదాని కంటే చిన్నది, నలభై నిమిషాల్లో బయటికి వచ్చారు. నేను ఎక్కువ భయపడింది భాష గురించి, అసలు భయపడాల్సిన పనే లేకపోయింది. పెద్దాయన ఏళ్ల తరబడి నిమ్మకాయల లోడుతో కోయంబేడు మార్కెట్‌కి తిరిగిన మనిషి, తమిళం గడగడా మాట్లాడతాడు. ట్రాలీ తోసే కుర్రాడు మలేషియా తమిళుడు. ఆ కుర్రాడే రైలు దగ్గరకి తీసుకెళ్లి టికెట్ తీయించాడు, మనిషికి 2 రింగిట్లు, మూడు నిమిషాల ప్రయాణం. సాయంత్రం కౌంటర్ తెరవగానే వీళ్లే ముందున్నారు. మళ్లీ ఫొటో వచ్చింది, ఎంఈఎల్. మెల్‌బోర్న్‌లో కార్డులో రాసినవన్నీ చూపించారు, ఒక పొట్లం తీసుకున్నారట, మిగతావి ఇచ్చేశారు. ఇత్తడి గిన్నె చేరింది.

ఖర్చు లెక్క కూడా రాయాలి. టికెట్ జరిపినందుకు 11,400, అదనపు కేజీలకి 5,200, హోటల్ 4,600. మొత్తం 21,200. ఆదా అయింది 18,000. నా ఫీజు వేరే, అదెంతో రాయను.

తర్వాత నేను మార్చుకున్నవి

ఇప్పుడు ప్రింటు కోసం వచ్చినా సరే ముందు టికెట్ నంబర్లే చూస్తాను. ఆన్‌లైన్ సైట్లు రెండు విడి టికెట్లని కలిపి ఒకే ప్రయాణంలా చూపిస్తాయి, మూలన చిన్న అక్షరాల్లో సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అని ఉంటుంది. ఆ మాట కనబడితే, సామాను మీరే దించుకోవాలి అని చదువుకోవాలి.

ఒకే టికెట్ ఉన్నా బ్యాగు చివరిదాకా రాని సందర్భాలున్నాయి. అమెరికా వెళ్లేవాళ్లు సాధారణంగా అక్కడ మొదట దిగిన ఊళ్లోనే సామాను తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ వేయాలి, అబుదాబి, డబ్లిన్‌లలో అమెరికా తనిఖీ ముందే అయిపోతుంది కాబట్టి అవి వేరే లెక్క. ఆస్ట్రేలియాలో లోపలి ఊరికి ఇంకో విమానం మారినా అంతే. మన దేశానికి తిరిగొచ్చేటప్పుడు కూడా సాధారణంగా ఇదే పద్ధతి, విదేశం నుంచి ముంబయిలో దిగి చెన్నై విమానం ఎక్కుతుంటే బ్యాగు ముంబయి కస్టమ్స్ దాటించాలి. ఉదయగిరి వైపు కువైట్ కుర్రాడొకడు చాలా ఏళ్ల కిందట నా దగ్గరే టికెట్ తీసుకుని, ఈ ముక్క నేను చెప్పకపోవడంతో బ్యాగు ముంబయి బెల్టు మీద వదిలేసి చెన్నైలో దిగాడు. చెల్లెలి పెళ్లి చీరెలు అందులోనే ఉన్నాయి. పెళ్లయిన రెండో రోజు బ్యాగొచ్చింది. ప్రింటర్ ఆపేసే అలవాటు నాకు ఆ కుర్రాడి వల్లే వచ్చింది.

బ్యాగు రాకపోతే ఎయిర్‌పోర్ట్ దాటకముందే ఫిర్యాదు కాగితం రాయించుకోండి. పీఐఆర్ అంటారు దాన్ని. భారత్ 2009లో చేరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న బ్యాగుకి 7 రోజుల్లో, ఆలస్యమైనదానికి అది చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పరిహారం గరిష్ఠ హద్దు 2024 డిసెంబరు 28 నుంచి మనిషికి 1,519 ఎస్‌డీఆర్, అంటే ఐఎంఎఫ్ కొన్ని దేశాల కరెన్సీలు కలిపి కట్టే లెక్క. అందులో ఇత్తడి గిన్నెకి ఎంత కడతారో నాకైతే అనుభవం కాలేదు.

తిరుగు టికెట్ కొడుకు అప్పటికి కొనలేదు. ఈసారి నాతోనే కొట్టించాడు, మెల్‌బోర్న్ నుంచి చెన్నైకి సింగపూర్ మీదుగా, ఒకే టికెట్. నాలుగు నెలల తర్వాత ఒక తెల్లవారుజామున వాట్సాప్‌లో ట్యాగు ఫొటో వచ్చింది, ఎంఏఏ అని. కింద ఆవిడ వాయిస్ మెసేజ్: "నాయనా, ఇందులో చెన్నై అని ఉండాదంట, ఇంక యాడా దించుకోబళ్లేదు గదా?" వెనకాల పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. లేదమ్మా, చెన్నైలోనే అని జవాబు పెట్టి, కారు డ్రైవర్‌కి ఫోన్ చేశాను.